అత్తకు కనబడని ఆకాశం

మా మేనత్తకు టెలిస్కోపులో ఏమీ కనబడదు. ఇది జబ్బు కాదు, అలవాటు. ఆవిడ పళ్ల డాక్టరు. ఎక్స్‌రేకు దొరకని పుచ్చును వట్టి కంటితో పట్టేస్తుంది. అలాంటి మనిషి ప్రతి శనివారం సాయంత్రం మా మేడ మీద టెలిస్కోపుకు కన్ను ఆనించి, "అబ్బే, నాకేం కనబళ్లేదు" అని వీధి చివరిదాకా వినబడేలా ప్రకటిస్తుంది.

టెలిస్కోపు పైవాటా ఆడిటరుగారిది. ఆకాశం చూడ్డం నేర్పిస్తానని మమ్మల్ని పోగుచేశాడు. మాలో నేర్చుకునేవాళ్లు తక్కువ, నిట్టూర్చేవాళ్లు ఎక్కువ. కన్ను పెట్టడం, "ఆహా, విశ్వం ముందు మనిషెంత!" అనడం, పక్కకు తప్పుకోవడం. మనిషెంతో తెలియడానికి కరెంటాఫీసు క్యూ చాలు, మేడెక్కక్కర్లేదు.

శని వలయాలు చూపించిన రోజున అత్త, "వలయాలేమోగానీ, నా కనురెప్ప వెంట్రుకలు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి" అంది. ఆడిటరుగారు రెండు రోజులు మాతో మాట్లాడలేదు.

మా గుంపులోకి కొత్తగా ఓ బస్సు డ్రైవరు చేరాడు. "ఆహా" అనడంలో అందర్నీ మించిపోయాడు. ఓ శనివారం మెట్ల మీద ఫోనులో భార్యతో, "ఇవాళే ఆఖరు, ఇంక రాను. ఆ పళ్ల డాక్టరమ్మకు తప్ప అందరికీ కనబడుతోంది, నాకే ఏం లేదు. కళ్లు పోతున్నట్టున్నాయే. డిపోలో తెలిస్తే స్టీరింగు ముట్టుకోనివ్వరు" అంటున్నాడు. వెనకే నేనూ అత్తా ఉన్నామని చూసుకోలేదు.

ఆ సాయంత్రం దేవయాని గెలాక్సీ. ఆడిటరుగారు గురిపెట్టి, దాని గొప్పతనం మీద సుదీర్ఘంగా ఉపన్యసించి, అప్పుడు మమ్మల్ని పిలిచాడు. నలుగురం వరసగా ఆహా అన్నాం. ఐదోవాడు డ్రైవరు. అతను నోరు తెరిచేలోపు అత్త అడ్డం దూరింది.

"నాకేం కనబళ్లేదు. కటిక చీకటి."

"మసకవాటిని సూటిగా చూడకూడదమ్మా. ఓరచూపు చూడాలి."

"ఈ వయసులో ఓరచూపులేమిటండీ, మా ఆయన వింటే కంగారుపడతాడు. అయినా చూశాను. ఏ చూపుకీ ఏం లేదు."

ఆడిటరుగారు విసుక్కుంటూ కన్ను పెట్టాడు. గొట్టాన్ని అటూ ఇటూ జరిపి చూశాడు.

"భూమి తిరిగిపోయింది" అన్నాడు చివరికి, తప్పంతా భూమిదే అన్నట్టు.

ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఆ గెలాక్సీ మెల్లగా పక్కకు జరిగి, తన దారిన తను పోయిందన్నమాట. నాతో సహా నలుగురం ఖాళీ జాగాకు జేజేలు కొట్టాం.

"నాకు పోయినవారాలు కూడా ఏం కనబళ్లేదండీ!" అనేశాడు డ్రైవరు.

"నాకూ" అన్నాడు మా గుంపులోని మందులషాపాయన. "నాకూ" అన్నాను నేను.

ఆడిటరుగారు ఉపన్యాసం మాని మొదటిసారి పాఠం చెప్పాడు. మళ్లీ గురిపెట్టి, డ్రైవరు చేతే మర తిప్పించి, ఓరగా చూడమన్నాడు.

"అద్దమ్మీద ఆవిరి మరకలా... అదేనాండీ?"

"అదేనయ్యా!"

అంతే, ఇక అతన్ని అక్కణ్నుంచి లాగడానికి ఇద్దరం కావలసొచ్చింది.

దిగుతూ అడిగాను. "నిజం చెప్పత్తా, శని వలయాలు కూడా కనబళ్లేదా?"

"మొదటిసారే కనబడ్డాయి. ఎంత ముద్దుగా ఉన్నాయో!"

"మరి?"

"నా కుర్చీలో కూర్చున్నాక కూడా జనం నొప్పి లేదనే అంటారురా. ఎవరో ఒకరు ముందు 'అబ్బా' అనాలి."

ఇంతలో డ్రైవరు పరిగెత్తుకుంటూ దిగొచ్చాడు. "అమ్మా, మా బస్సు కంటాసుపత్రి ముందే ఆగుతుంది. సోమవారం రండి, దగ్గరుండి దింపుతా. కళ్లు అశ్రద్ధ చెయ్యకూడదు."

నవ్వాపుకోలేక నేను గోడవైపు తిరిగాను. అత్త మాత్రం "అలాగే నాయనా" అంది. సోమవారం బస్సెక్కింది కూడా.