గాల్వే విమానాశ్రయంలో అక్క కోసం ఒక అనౌన్స్‌మెంట్

పాఠక మహాశయులారా, ముందుగా సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. ఐర్లండ్ పడమటి తీరాన ఉన్న గాల్వే దాకా వెళ్ళి సముద్రం చూడలేదు, కొండచరియలు చూడలేదు, ఉన్ని స్వెట్టర్ కొనలేదు. ఊరి బయటి చిన్న విమానాశ్రయం ఒక్కటే చూసి వచ్చాను, అదీ విమానం ఎక్కకుండా. ఇంత ఘోరానికి ఒడిగట్టినవాణ్ణి మీరు క్షమించకపోయినా ఫర్వాలేదు, కామెంటు మాత్రం పెట్టండి.

కారణం మనవి చేసుకుంటాను. మా అక్క మాంచెస్టర్‌లో ఉద్యోగం చేస్తుంది. అక్కడి నుంచి గాల్వేకి శనివారం మధ్యాహ్నం ఓ చిన్న విమానం వస్తుంది. మార్చిలో అందులో వచ్చి, నాతో రెండు రోజులు పడమటి తీరం తిరగాలని టికెట్ కొనుక్కుంది. ఈలోగా ఆవిడ డ్రైవింగ్ టెస్టు నాలుగోసారి తప్పింది. ఆ సంగతి ఫోన్లో ఏడుస్తూ చెబితే, నేను ఇదే బ్లాగులో హాస్యవ్యాసంగా రాసి పడేశాను. మీరంతా తెగ నవ్వారు. అక్క నవ్వలేదు. టికెట్ రద్దు చేసుకుంది. ఏడు నెలలుగా మా మధ్య మాటల్లేవు. తను రావలసిన ఆ విమానం ఎలా దిగుతుందో ఒక్కసారి చూడాలనిపించింది, అంతే.

శనివారం డబ్లిన్ శివారులోని మా లూకన్‌లో ఆరింటికే లేచి, సిటీ బస్సులో డబ్లిన్ నడిబొడ్డుకు చేరి, గాల్వే వెళ్ళే ఏడున్నర బస్సు పట్టుకున్నాను. రానూపోనూ సుమారు ఇరవై యూరోలు. దారి పొడవునా కొత్త ఇళ్ళు, వాటి నెత్తిన క్రేన్లు. దేశం మొత్తాన్ని విప్పి మళ్ళీ బిగిస్తున్నట్టుంది. మూడున్నర గంటలన్నారు గానీ, ప్రతి ఊరి నడివీధిలోంచీ దూరి వెళ్ళేసరికి నాలుగు పట్టింది. గాల్వే బస్టాండు నుంచి విమానాశ్రయానికి టాక్సీలో పావుగంట, పదిహేను యూరోలు.

"ఎక్కడికి ఎగురుతున్నావు?" అన్నాడు పాట్ అనే డ్రైవరు.

"ఎగరడం లేదు."

"అయితే ఎవరో వస్తున్నారన్నమాట. గ్రాండ్! మా అన్నలు ముగ్గురూ ఈమధ్యే బోస్టన్ వదిలి వచ్చేశారు. ఇరవై ఏళ్ళు ఎదురుచూశాం. ఇప్పుడు ముగ్గురూ మా ఇంట్లోనే తింటున్నారు. నీకెవరు వస్తున్నారు?"

ఎవరూ రావడం లేదని చెప్పడానికి నోరు రాలేదు. "అక్క" అన్నాను.

ఆ విమానాశ్రయం హాలు మన కల్యాణమండపంలో భోజనాల గది అంత ఉంటుంది. ఓ మూల టీ కౌంటరు, ఇంకో మూల సమాచారం చెప్పే బల్ల, మధ్యలో కాసిని కుర్చీలు. పెద్ద విమానాశ్రయంలో మనం ఎవరికీ పట్టం. ఇక్కడ అందరికీ పడతాం. టీ కౌంటర్లో బ్రీడా అనే పెద్దావిడ కప్పు అందిస్తూనే విచారణ మొదలుపెట్టింది.

"ఎవరి కోసం, లవ్?"

"అక్క కోసం."

"చూసి ఎన్నాళ్ళయింది?"

"ఏడాది దాటింది."

"అయ్యో! ఆకలితో దిగుతుంది పిల్ల" అని, గాజు బీరువాలో మిగిలిన ఆఖరి స్కోనును, అంటే జామ్ పూసుకు తినే బన్ను లాంటిదాన్ని, కాగితం రుమాల్లో చుట్టి పక్కన పెట్టేసింది.

ఒంటిగంటా పదికి విమానం దిగింది. జనం మెట్లు దిగి, గాలికి కోట్లు పట్టుకుంటూ నడిచే వచ్చారు. ఒక్కొక్కరినీ ఎవరో ఒకరు వాటేసుకుని తీసుకుపోయారు. అక్క రాదని తెలిసినవాణ్ణి ఆ హాల్లో నేనొక్కణ్ణే. అయినా తలుపు వైపు అందరికంటే ఎక్కువసేపు చూసిందీ నేనే.

తలుపు మూసేశారు. బ్రీడా ఊరుకోలేదు. "ఈ అబ్బాయి అక్క రాలేదమ్మాయ్, పిలువు!" అని బల్ల దగ్గరి అమ్మాయికి కేకేసింది. ఆ అమ్మాయి మైకు అందుకుని "పేరు?" అంది.

"అక్క" అన్నాను. నోరు జారలేదు, నా నోటికి ఆవిడ పేరు అదే. సర్దుకునేలోపే పైన స్పీకరు మోగింది: "మాంచెస్టర్ ప్రయాణికురాలు మిస్ అకా! మీ తమ్ముడు ఇక్కడ మీకోసం ఎదురుచూస్తున్నాడు." ఖాళీ హాల్లో రెండుసార్లు. ఒత్తు ఎగిరిపోయింది గానీ పిలుపు పిలుపే. ఏడు నెలలుగా నేను పిలవని పిలుపు. నవ్వాల్సిన చోటే. నవ్వు రాలేదు.

"గాలి ఎక్కువగా ఉందిగా, భయపడి ఉంటుంది. వచ్చే శనివారం వస్తుందిలే" అంటూ బ్రీడా పొట్లం నా చేతిలో పెట్టింది. "ఇది ఆమెది. నువ్వు తినకు."

డబ్లిన్ విమానాశ్రయంలో వచ్చినవాళ్ళను కూడా ఎవరూ గమనించరు. ఇక్కడ రానివాళ్ళ కోసం కూడా ఒక స్కోను దాస్తారు. అబద్ధమాడి అంత ఆదరణ పుచ్చుకున్నాక, ముందే మాట్లాడి పెట్టుకున్న పాట్ టాక్సీలో తిరిగొస్తూ సముద్రం వైపు తల తిప్పబుద్ధి కాలేదు. వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: మిమ్మల్ని దింపిన టాక్సీనే తిరుగు ప్రయాణానికీ మాట్లాడుకోండి. విమానం వచ్చి వెళ్ళాక అక్కడ టాక్సీ దొరకదు.

ఇక ఒప్పుకోలు. పైన మీకు చెప్పిన క్షమాపణ ఉత్తుత్తిది. అసలుది తిరుగు బస్సులో, సగం దారిలో అత్లోన్ అనే ఊరు దాటాక, అక్కకు ఫోన్ చేసి చెప్పాను. "అక్కా, తప్పయింది" అన్నాను. జోకు కలపలేదు. ఆపైన స్కోను సంగతి చెప్పాను.

"ఉందా, తినేశావా?" అంది.

"సగం ఉంది."

అప్పుడు నవ్వింది. ఐదో టెస్టు ఏమైందో కూడా చెప్పింది. తప్పిన నాలుగు టెస్టుల సంగతి రాసుకోమంది, ఐదోది వద్దంది. రాయడం లేదు. గాల్వే వెళ్ళి నేను నిజంగా చేసిన పని ఆ ఫోను ఒక్కటే.