వానకు జాగా లేని మ్యాపు

కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విడిచి వెళ్ళే కాలం ఒకటుండేది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, అనంతపురం శివార్లలోని ఒక వాతావరణ ఆఫీసులో నేను ఆపరేటరుగా చేరినప్పుడు, మొత్తం జిల్లాలో చల్లగా ఉండే చోటు ఆ గది ఒక్కటే అని నా నమ్మకం. మనుషులు ఎండకు మాడిపోతున్నా అడిగే దిక్కుండేది కాదు గానీ కంప్యూటరుకు మాత్రం ఏసీ ఉండేది. (ఆ ఏసీ చప్పుడుకు పక్క చేలోని ఎద్దులు బెదిరి కుందుర్పి దాకా పరుగెత్తేవి. నమ్మబుద్ధి కాకపోతే పెనుకొండ దాకా అనుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు.)

నా పని వినడానికి గొప్పగా ఉండేది. రోజూ పొద్దున పైనుంచి వచ్చే వాన వివరాలను ఒక సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే, అది వాటిని రంగులుగా మార్చి తెర మీద పరిచేది. చినుకులకు లేత ఆకుపచ్చ, మంచి వానకు నీలం, కుండపోతకు ఊదా. వాన లేని చోట తెలుపు. మా జిల్లా పుణ్యమా అని ఆ తెలుపును నేను చూసినంతగా సున్నం కొట్టేవాళ్ళు కూడా చూసి ఉండరు. ఆ రంగుల వెనకాల ఒక మ్యాపు ఉండేది. దాన్ని గీసిన మహానుభావుడు ఏ దేశం వాడో గానీ, సముద్రపు ఒడ్డున ఒక్క వంపు కూడా వదలకుండా నగిషీ చెక్కినట్టు గీశాడు. మా జిల్లా దగ్గరికొచ్చేసరికి మాత్రం అతనికి భోజనాల వేళ అయినట్టుంది. ఒక గీత లేదు, ఒక చుక్క లేదు. వాన పడినా అది ఎవరి నెత్తిన పడిందో దేవుడికే తెలియాలి.

మా ఆఫీసరును అందరం మేఘాల సారు అనేవాళ్ళం. కోస్తా నుంచి వచ్చిన మనిషి. ఆకాశంలో మబ్బు కనబడితే చాలు, బయటికి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని "ఇది కురవదు" అనేవాడు. ఆయన మాట ఎప్పుడూ పొల్లు పోలేదు. హైదరాబాదు నుంచి పెద్ద ఆఫీసరు వస్తున్నాడనీ, ఆలోగా వెనకున్న మ్యాపులో జిల్లానూ మండలాలనూ గీసి పెట్టమనీ సారు నన్ను పురమాయించాడు. సాఫ్ట్‌వేర్‌లో ఆ సౌకర్యం ఉంది. అక్షాంశాలూ రేఖాంశాలూ వరసగా ఒక ఫైలులో రాసి ఇస్తే, మనం చెప్పిన రంగులో, చెప్పినంత మందంలో గీతలు గీసి పెడుతుంది. కాగితం మ్యాపును బల్లకు అంటించి, స్కేలు పెట్టి కొలిచి, ఒక్కొక్క మలుపునూ టైపు చేశాను. ఒకసారి అంకెలు తారుమారై బెళుగుప్ప మండలం మాయమైంది. వెతగ్గా వెతగ్గా ఉత్తర ధ్రువం దగ్గర మంచు సముద్రంలో తేలుతూ కనిపించింది. వెనక నిలబడి చూస్తున్న డీజిల్ భాయ్ (మా జీపు డ్రైవరు. ఎక్కడికి పోదామన్నా "డీజిల్ లేదు" అనడం వల్ల వచ్చిన బిరుదు) దాన్ని చూసి జాలిపడ్డాడు. "ఉండనీప్పా, పాపం. ఆడన్నా సల్లగుంటారు" అన్నాడు.

భాయ్‌ది కుందుర్పి. గీతలు పూర్తయ్యాక తన ఊరి పేరు వెయ్యమన్నాడు. వేశాను. అటెండరు తన ఊరు అడిగాడు. టైపిస్టు తన పుట్టినిల్లూ మెట్టినిల్లూ రెండూ అడిగింది. సాయంత్రానికి గది బయట జనం, రేషను షాపు ముందులాగా. వాళ్ళందరినీ ఏలుకున్న చేత్తోనే, శింగనమల అవతల ఉన్న మా ఊరిని కూడా ఎక్కించాను. కాగితం మ్యాపులో మా ఊరు లేదు. బస్సు కండక్టరు కూడా కాసేపు ఆలోచించి గానీ అక్కడ ఆపడు. అలాంటి ఊరిని ఎర్రటి అక్షరాల్లో, అనంతపురం కంటే పెద్దగా వేశాను. ఇప్పుడు తలుచుకుంటే అక్షరాలు కాస్త ఎక్కువే అయ్యాయనిపిస్తుంది. అప్పుడు మాత్రం చాలలేదనిపించింది.

ఇంటికి పోయినప్పుడు నాయనకు చెప్పాను. నాయన టీ కొట్టులో చెప్పాడు. అక్కడ మా ఎదురింటి చిన్నాయన ఉన్నాడు. తన పెళ్ళిలో పురోహితుడు ముహూర్తమంటే ఆయన చేతి గడియారం తిప్పి చూసిన మనిషి. అంత ముఖ్యమైన ఊరైతే ఇక్కడ బస్సెందుకు ఆగదని అడిగాడట. కొట్టు కొట్టంతా నవ్వింది. నాయనకు రోషం వచ్చింది. మా నాయన ఊళ్ళో ఎవరితోనూ పందెం కట్టినవాడు కాదు, మాట పడినవాడూ కాదు. వచ్చే వారం ఇద్దరం పోదాం, కండ్లారా చూసుకో, లేదంటే ఇకమీదట ఈ కొట్టులో నేను నోరెత్తను అనేశాడు.

వాళ్ళు రావలసిన రోజుకు ముందురోజే పెద్ద ఆఫీసరు వచ్చాడు. విచిత్రంగా ఆ రోజు జిల్లా మీద నిజంగానే వాన ఉంది. తెర వెలిగించాను. ఊళ్ళ మీద ఊళ్ళు, పేర్ల మీద పేర్లు, వాటి మధ్యలో మా ఊరు ఎర్రగా, పెళ్ళికొడుకులాగా. పెద్దాయన వంగాడు, కళ్ళజోడు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "వాన ఎక్కడయ్యా?" అన్నాడు. ఏసీ గదిలో మేఘాల సారు నుదుటి మీద ఆ ఏడాది జిల్లాలో పడిన వానకంటే ఎక్కువ చెమట కురిసింది. టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడిన భాయ్ సాయం చేద్దామనుకున్నాడు.

"అన్నీ ఊర్లే సార్. వానకు జాగా యాడుండాది?"

పెద్దాయన టీ ముట్టకుండా వెళ్ళిపోయాడు. సారు తిరిగొచ్చి, ఇది మ్యాపా శుభలేఖా అని అడిగి, సాయంత్రానికి ఒక్క పేరు కూడా కనబడకూడదన్నాడు. ఒక్కొక్కటే తీసేశాను. కుందుర్పిని తీసేటప్పుడు భాయ్ బయటికి వెళ్ళి జీపు తుడిచాడు. మా ఊరిని చివరిదాకా ఉంచాను. రేపొక్క రోజు ఉండనివ్వమని అడుగుదామని సారు గది గుమ్మం దాకా పోయి, వెనక్కి వచ్చాను. నాది ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవలసిన కొలువు. తీసేసి, పాత ఫైలు మీదనే సేవ్ చేశాను, ఇక ఆ పేర్లు తిరిగి రావు.

మర్నాడు ఇద్దరూ దిగారు. నాయన ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. చెప్పులు విడిచి, గుడిలోకి వచ్చినట్టు వచ్చి నిలబడ్డారు. ఆ రోజు వాన కూడా లేదు. తెర మీద మండలాల గీతలు, మిగిలిందంతా తెలుపు. నాయన తెర వంక చూశాడు, నా మొహం వంక చూశాడు. నింపాదిగా ముందుకు వంగి, శింగనమల పక్కన బొటనవేలు పెట్టాడు.

"ఈడ" అన్నాడు.

"పేరు లేదే అన్నా?"

"మనూరు మనకు తెలీదా అబ్బీ? పేరు బయటోళ్ళకు."

చిన్నాయన కళ్ళు చిట్లించాడు. "వట్టి తెల్లగుండాదే."

"వాన పడకపోతే తెల్లగ కాక ఎట్లుంటాది? వానుంటేనే రంగంట. ఉండేది ఉన్నట్టు సూపిస్తాండాది."

చిన్నాయన ఆ తెల్లటి చోటును చాలాసేపు చూశాడు. చుట్టూ తిరిగి కంప్యూటరు వెనక వైపు కూడా చూశాడు. చివరికి తల ఊపాడు. "అయితే మనూరే" అన్నాడు.

టీ కొట్టులో నాయన మాట నిలిచింది. మా ఊళ్ళో చుక్క వాన లేని సంగతి అనంతపురంలో కంప్యూటరుకు కూడా తెలుసని చిన్నాయనే ఊరంతా చాటాడు. వాళ్ళు వెళ్ళాక చూస్తే తెర అద్దం మీద ఎర్రమన్ను అంటిన వేలిముద్ర మిగిలింది. సారు తుడవమన్నాడు. సరే అన్నాను గానీ, ఊడ్చే ఆమె తుడిచేదాకా నేను మాత్రం దాని జోలికి పోలేదు. ఆకుపచ్చ ఎప్పుడైనా ఆ ముద్ర దాకా వస్తుందేమోనని రోజూ చూసేవాణ్ణి.

కొన్నేళ్ళ తర్వాత వేరే ఊళ్ళో, అదే సాఫ్ట్‌వేర్‌ను కొత్తవాళ్ళకు నేర్పుతున్న ఒకాయన దగ్గర కూర్చున్నప్పుడు తెలిసింది. పేర్లను గీతలతో కలపకుండా వేరే ఫైలులో పెట్టుకోవచ్చట. కావాలంటే ఒక టిక్కు పెడితే కనిపిస్తాయట, తీస్తే దాక్కుంటాయట. ఒక్క టిక్కు. పెద్దాయన వచ్చినప్పుడు తీసి, నాయన వచ్చినప్పుడు పెట్టి ఉంటే సరిపోయేది. పక్కనున్నవాళ్ళు ఇందులో ఇంత ఆలోచించేదేముందన్నట్టు నన్ను చూశారు. అప్పటికి నాయన లేడు.

ఇప్పుడు నా ఫోనులోని మ్యాపులో మా ఊరు పేరుతో సహా ఉంది. టీ కొట్టు కూడా ఉంది. ఎర్ర అక్షరాలు కావు, అంత పెద్దవీ కావు, గీసినవాడు నేనూ కాదు. వానాకాలం వస్తే చిన్నాయన ఊరి నుంచి ఫోన్ చేస్తాడు. క్షేమసమాచారాలు ఏమీ ఉండవు.

"ఏమప్పా, తెల్లగుండాదా?"

నేను కళ్ళజోడు పెట్టుకుని, ఫోనులోనే వాన మ్యాపు తెరిచి, శింగనమల పక్కన బొటనవేలు ఆనించి చూస్తాను.

"తెల్లగనే ఉండాది చిన్నాయనా."

"అయితే మనూరే" అని పెట్టేస్తాడు.