మూడు గీతలు

లైబ్రరీలో రోజూ కిటికీ పక్క బల్ల దగ్గరే కూర్చునే ఆ రిటైరైన చరిత్ర మేష్టారిని అక్కడివాళ్లు గీతలాయన అంటారు. ఎన్నో దేశాలు గెలిచి, నిండు యవ్వనంలో జ్వరంతో పోయిన ఒక పాతకాలపు రాజు గురించి ఎవరేం రాశారో ఆయన అట్టముక్కల మీద ఎక్కించుకుంటాడు. కళ్లారా చూసి రాసినవాడికి ఒక గీత, విని రాసినవాడికి రెండు, కల్పించినవాడికి మూడు. గీసే ముందు పెన్సిల్ మొనను బొటనవేలి గోటి మీద ఆనించి చూసుకుంటాడు. "ఇంతకీ మీ రాజుగారు పోయేముందు ఏమన్నారండీ?" అని లైబ్రేరియనమ్మ ఆటపట్టిస్తుంది. "అయిదుగురు అయిదు రకాలుగా రాశారమ్మా. ఆ గదిలో ఒక్కడూ లేడు!" అంటాడు, వాళ్లు తననే మోసం చేసినట్టు.

నిన్న మధ్యాహ్నం కూతురు ఫోన్ చేస్తే వరండాలోకి వెళ్లి ఎత్తాడు. "నాన్నా, పాప వాళ్ల అమ్మమ్మ గురించి స్కూల్లో రాయాలట. అమ్మ చివర్లో ఏమందో మళ్లీ ఓసారి చెప్పవా? పక్కనున్నది నువ్వేగా." "నిన్నే తలుచుకుందమ్మా. పిల్ల జాగ్రత్త అంది." అవతల కూతురు ముక్కు ఎగబీల్చి, "అదే రాయిస్తాలే" అంది. భార్య పోయిన రోజు ఆయన ఆస్పత్రిలో లేడు, ఈ బల్ల దగ్గరే ఉన్నాడు. కబురంది వెళ్లేసరికి మంచం మీద దుప్పటి కూడా మార్చేశారు. ఫోన్ పెట్టేసి, వరండాలోంచి బల్ల దగ్గరికి తిరిగొచ్చి కొత్త అట్టముక్క తీసి, భార్య అన్నదని చెప్పిన మాట రాశాడు. చెప్పినవాడి పేరు దగ్గర తన పేరు రాశాడు. పెన్సిల్ మొన చూసుకోకుండానే మూడు గీతలు గీసి, అట్టముక్కల పెట్టెలో ఆ అయిదుగురి వెనక పెట్టాడు.