వరహాలమ్మ సిస్టర్ విసుగు

మా బడి వెనకాల ఒక గోదాముంది. బెల్లం దిమ్మలు ఎత్తుకోవడానికి వచ్చిన లారీ వెనక్కి జరిగినప్పుడల్లా కీం కీంమని ఆగి ఆగి మోగుతుంది. పదేళ్ళు దాటినా ఆ మోత వినగానే నల్లబల్ల మీద నా చెయ్యి ఆగిపోతుంది. నెలలు నిండని పిల్లలని ఉంచే ఆసుపత్రి గదిలో, నా కూతురి కాలికి కట్టిన తీగ కాస్త జారినా అక్కడి యంత్రం అచ్చం ఇలాగే మోగేది. "టీచర్, లెక్క ఆపేశారేంటి?" అంటారు పిల్లలు. నాకు మాత్రం ఆ మోత వెనకాలే ఒక గొంతు వినబడుతుంది. "పాలు తీసేవా?" ఆ గొంతు వరహాలమ్మ సిస్టర్‌ది. జీవితంలో నేను అంతగా విసుక్కున్న మనిషి ఇంకొకరు లేరు. నన్ను చూసి అంతగా విసుక్కున్న మనిషి కూడా లేరు.

నా కూతురు ఏడో నెలలో పుట్టింది. బరువు కిలో మీద రెండువందల గ్రాములు. మావారు అద్దంలోంచి ఒకసారి లోపలికి చూసి, వెనక్కి వచ్చి, గోడకి ఆనుకుని అలాగే నిలబడిపోయారు. నాకు ఆపరేషన్ కుట్లు. లేవలేను, కూర్చోలేను. రెండో రోజు పొద్దున్న ఒక పొట్టి మనిషి, యాభై దాటినావిడ, నీళ్ళలో మరిగించిన స్టీలు గిన్నె మూతపెట్టి పట్టుకుని నా మంచం దగ్గరికి వచ్చింది.

"పాలు తీసేవా?"

"రాలేదండి."

"వచ్చేయా రాలేదా అని అడగలేదమ్మా. తీసేవా అని అడిగేను."

పరిచయం అంతే. పేరు కూడా అడగలేదు. చేతులు కడుక్కోమంది. వేళ్ళు ఎక్కడ పెట్టాలో, ఎలా నొక్కాలో, ఎక్కడ నొక్కకూడదో చూపించింది. అరగంట తంటాలు పడితే గిన్నె అడుగున పసుపుపచ్చగా నాలుగు చుక్కలు పడ్డాయి. సిగ్గుతో నాకు తలెత్తబుద్ధి కాలేదు. ఆవిడ ఆ చుక్కలని సన్నటి సిరంజిలోకి తీస్తూ, గిన్నె అంచుకి అంటుకున్నది కూడా వదల్లేదు.

"ఇంతేనా సిస్టర్?" అన్నాను.

"నీ కూతురి కడుపు ఎంతుంటాదనుకున్నావు? ఉసిరికాయంత లేదు. ఇవి ముర్రుపాలు. గొట్టంలో ఇవే పోత్తాం. మళ్ళీ రెండు గంటల్లో వత్తాను."

వచ్చింది. ఆ తర్వాత మళ్ళీ రెండు గంటలకి వచ్చింది. ఆవిడ డ్యూటీ దిగాక కాస్త ఊపిరి పీల్చుకుందామనుకుంటే, ఎనిమిది గడులు గీసిన కాగితం నా తలగడ కింద పెట్టి వెళ్ళేది. తీసినప్పుడల్లా ఒక గడిలో టిక్కు పెట్టాలి. పొద్దున్న వస్తూనే పిల్ల ఎలా ఉందో చెప్పేది కాదు, ముందు ఖాళీ గడి మీద వేలు పెట్టి "ఇక్కడేటైంది?" అనేది. నిద్రపట్టేసిందంటే ఒక నిట్టూర్పు. ఆ నిట్టూర్పు కన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

మా అత్తగారిది చీడికాడ పక్క పల్లె. నేనంటే ఆవిడకి ప్రాణం, వచ్చిన చిక్కల్లా అదే. బాలింత నీళ్ళు ఎక్కువ తాగితే కుట్లు చీము పడతాయని గుక్కెడు గుక్కెడే ఇచ్చేది. మూడో రోజు పాలపొడి డబ్బా కొని కొంగు చాటున తెచ్చింది.

"సుక్కలు సుక్కలు పిండితే ఆ పిల్లకి కడుపెలా నిండుతాది? ఈ డబ్బాపాలు పట్టేయండి సిస్టరమ్మా," అంది.

వరహాలమ్మ సిస్టర్ కళ్ళు మూసుకుని, తెరిచి, "అమ్మా, పొద్దున్నుంచి మీరు నీళ్ళు తాగేరా?" అని అడిగింది.

"తాగేను."

"మరి ఈ బాలింతకెందుకివ్వలేదు? పాలు గాల్లోంచి వత్తాయేటి? మీ మనవరాలి పేగులు ఇంకా ముదరలేదు. డబ్బాపాలు అరిగించుకోవడం దానికి కష్టం. తప్పదని డాక్టరుగారంటే అప్పుడు సూద్దాం. ముందు మీ కోడలికి కడుపునిండా అన్నం, నీళ్ళు పెట్టండి." అంతటితో ఆగకుండా గోడగడియారం చూపించింది. "రెండు గంటలకోపాలి లేపడం మీ డూటీ. మీరైతే మర్చిపోరు."

మా అత్తగారు మర్చిపోలేదు. నిమిషం కూడా ఆలస్యం కానివ్వలేదు. ఒకరితోనే వేగలేకపోతుంటే ఇద్దరయ్యారు.

తొమ్మిదో రోజు పిల్ల పొట్ట ఉబ్బింది. గొట్టంలో పాలు ఆపేశారు. "ఇప్పుడేమీ చెప్పలేమమ్మా, చూడాలి," అని డాక్టరుగారు నా ముఖం చూడకుండా చెప్పి వెళ్ళిపోయారు. మా అత్తగారు గడియారం వైపు చూడటం మానేసింది. మావారు కారిడార్‌లోనే ఉండిపోయారు. సరిగ్గా వేళకి వరహాలమ్మ సిస్టర్ గిన్నెతో వచ్చింది.

"పాలు తీసేవా?"

ఆ గిన్నె లాక్కుని నేలకేసి కొట్టాను. "దాని నోట్లో చుక్క వెయ్యొద్దన్నారు కదండీ! ఎవరికోసం తియ్యమంటారు? నేనేమైనా గేదెనా?" అని అరిచాను. వార్డంతా నావైపు తిరిగింది.

ఆవిడ మోకాలు పట్టుకుని మెల్లగా వంగి గిన్నె తీసింది. ఓదారుస్తుందనుకున్నాను, లేదా మందలిస్తుందనుకున్నాను. గొంతులో ఎప్పుడూ ఉండే విసుగే.

"ఇయ్యాల తాగదు. ఎల్లుండి ఆకలేసి ఏడిత్తే ఏటి పెడతావు? అప్పటికి నీకు పాలు ఎండిపోతే నన్నడక్కు. ఇంకో గిన్నె మరిగించి తెత్తాను. ముఖం కడుక్కో."

పిల్ల బతుకుతుందని ఆవిడ అనలేదు. అలాంటి మాట ఆవిడ ఎవరికీ ఇచ్చేది కాదని తర్వాత తెలిసింది. కానీ ఆ రోజు ఎల్లుండి గురించి మాట్లాడింది ఆ ఆసుపత్రిలో ఆవిడ ఒక్కతే. నేను ఏడుస్తూనే తీశాను. గిన్నె మీద నా పేరు, టైము రాసి డీప్ ఫ్రిజ్‌లో పెట్టింది. నాలుగో రోజుకి పొట్ట దిగింది. మళ్ళీ గొట్టంలోకి వెళ్ళిన మొదటి పాలు, నేను అరిచిన రోజున తీసినవే.

నలభై రెండు రోజుల తర్వాత పిల్లతో ఇంటికి వెళ్ళాం. ఇక ఆవిడ పీడ వదిలిందనుకున్నాను. మూడు నెలలకి ఫోను. "ఒకపాలి రా. గొలుగొండ పక్క కొండమీంచి ఒక బాలింత పిల్ల వచ్చింది. నా మాట వినట్లేదు." పరీక్ష పేపర్లు దిద్దాలండీ అన్నాను. "దిద్దుకో, దిద్దుకుని రా," అంది. మళ్ళీ సాయంత్రం చేసింది. మర్నాడు మళ్ళీ. గొణుక్కుంటూ వెళ్ళాను.

ఆ అమ్మాయికి ఇరవై ఉంటాయేమో. బిడ్డ నా కూతురు ఉన్న గదిలోనే ఉంది. గిన్నె ఒళ్ళో పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. నేను నా పిల్ల ఫోటో చూపించాను, గిన్నె విసిరికొట్టిన సంగతీ చెప్పాను. నావైపు తిరిగి, "ఈ సిస్టరమ్మ ఎప్పుడూ ఇలాగే పానం తోడేత్తాదా అక్కా?" అని అడిగింది.

"ఎప్పుడూ ఇంతే," అన్నాను. ఇద్దరం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం. ఆ పూట ఆమె గిన్నెలో సగం దాకా తీసింది.

నాలుగు రోజులాగి, ఎవరూ పిలవకుండానే, మధ్యాహ్నం బడి నుంచి అటే వెళ్ళాను. వరహాలమ్మ సిస్టర్ ఆ అమ్మాయి మంచం మీద కూర్చుని ఉంది. ఆవిడ కూర్చోగా చూడటం అదే మొదటిసారి. అమ్మాయి రవిక ముందంతా తడిసిపోయి ఉంది. సిస్టర్ తడిగుడ్డ మడతపెట్టి ఇస్తూ ఏదో చెబుతోంది. అది ఆవిడ గొంతేనా అనిపించింది. మెత్తగా, తొందర లేకుండా, ఒక్కో మాటా ఆగి ఆగి చెబుతోంది.

"ఇంక తియ్యక్కర్లేదు తల్లీ. మరీ బరువెక్కితే ఊరట కోసం కొంచెం వదులుకో. సల్లటి గుడ్డ ఎయ్యి. నిదానంగా అవే తగ్గుతాయి."

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఆ బిడ్డ ఇక లేదని నాకెవరూ చెప్పక్కర్లేకపోయింది. కాసేపటికి ఆవిడ లేచి, కుళాయి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కుంది. వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"ఏటలా నిలబడిపోయేవు? ఆ మూల మంచం పిల్ల పొద్దున్నుంచి గిన్నె ముట్టలేదు. ఎల్లి కూకో దాని దగ్గర," అని కసిరింది.

ఆ కసురు వింటే ప్రాణం లేచొచ్చింది.

ఆవిడ రిటైరై సబ్బవరంలో కూతురి దగ్గర ఉంటోంది. ఫోను చేస్తే క్షేమసమాచారం ఒక్క ముక్కలో తేల్చేసి, వార్డులో కొత్త సిస్టర్లు ఎలా చేస్తున్నారో ఆరా తీస్తుంది. నెలకోసారైనా ఆ వార్డుకి వెళ్ళకపోతే నాకు చివాట్లే.

మా బడిలో పిల్లల తల్లులు కొందరు నామీద హెడ్మాస్టరుగారికి ఫిర్యాదు చేస్తుంటారు, టీచరు ఊరికే విసుక్కుంటుందని. మొన్న ఆయన పిలిచి, "కొంచెం నెమ్మదిగా చెప్పండమ్మా," అన్నారు. సరేనండి అని వచ్చేశాను. ఒకే లెక్క మూడుసార్లు తప్పు చేసిన కుర్రాడి పుస్తకం ముందు పెట్టుకుని నాలుగోసారి కూడా నేను కసురుతూనే ఉంటాను. ఆ కుర్రాడితో నెమ్మదిగా, మెత్తగా మాట్లాడే రోజు మాత్రం నాకు రాకూడదు.