ఒకటే రకమని చెప్పిన మా తోడికోడలు

మా తోడికోడలు మొన్నీమధ్య నాచారంలో కన్నుమూసింది. లివర్ పూర్తిగా చెడిపోయిందన్నారు. ఏడవాలో కోప్పడాలో తెలియక ఇది రాస్తున్నాను. నాకు చదువు తక్కువ, తప్పులుంటే సర్దుకోండి.

మా ఇద్దరికీ ఒకే జబ్బు, హెపటైటిస్ సి. కాన్పుల్లో ఎక్కించిన రక్తంతో వచ్చి ఉంటుందన్నారు. వైరస్ ఏ రకమో తేల్చే రిపోర్టులు వచ్చిన రోజు డాక్టరు గదిలోకి ఆమే వెళ్లింది. పదో తరగతి చదివింది కదా, మా ఇంటి కాగితాలన్నీ ఆమే చదివేది. ఉన్న దేవుళ్లందరికీ మొక్కుతూ నేను బయట బెంచీ మీద కూర్చున్నాను.

"ఏమన్నడే?"

"ఇద్దరిదీ ఒకటే రకమట అక్కా. నీకు తగ్గితే నాకూ తగ్గుతది. ఇగ నీ ఫికర్ల దుకాణం బంద్ జెయ్యి."

ఆ మాట పట్టుకునే ఆర్నెల్లు వారం వారం ఇంజెక్షన్ వేయించుకున్నాను. జ్వరానికి తాళలేక మానేస్తానంటే, "నువ్వు మానితే నేనూ మానుత, సూడు మరి" అని బెదిరించేది. నాచారం నుంచి ఉప్పల్ వచ్చి, తనూ వణుకుతూనే నాకు గంజి కాచేది.

నాకు తగ్గింది. ఆమెకు ఏడాది వేసినా తగ్గలేదు. "నా ఒళ్లు మొండిదక్కా" అనేది. నమ్మాను.

దినాలయ్యాక వెళ్లి డాక్టరును అడిగాను.

"మీది మూడో రకం, ఆమెది ఒకటో రకం అమ్మా. వైరస్‌తోని కొట్లాడే జీన్లు లివర్ల ఉంటయ్. మీకు అవి నిద్రల ఉండె, ఇంజెక్షన్ లేపింది. ఆమె రకం ఉన్న శానామందికి అవి ముందే లేచి ఉంటయ్, అయినా వైరస్ పోదు. లేచినోళ్లను మళ్లేం లేపుతం? రిపోర్టులొచ్చిన రోజే ఆమెకు చెప్పిన. మీకు చెప్పొద్దన్నది."

నన్ను మోసం చేసింది. ఎవరి బస్సు ఆలస్యమైనా గుండె పట్టుకు కూర్చునే నన్ను, తన కోసం మాత్రం భయపడనివ్వలేదు. తెలిస్తే ఆ దిగులుతో నేను ఇంజెక్షన్లు మానేసేదాన్నే, నిజమే. ప్రాణం నిలబెట్టింది, కాదనను. కానీ తన భయంలో నాకు సగం వాటా ఇవ్వాల్సింది. ఇవ్వలేదు.

నాకు తగ్గిందని తేలిన రోజు దవాఖానా బయట జిలేబీ తినిపించి, నన్ను ఆటో ఎక్కించింది. "నాకు జర పనుంది, నువ్ పో" అంది. ఏం పనో అడగలేదు, సంబరంలో ఉన్నాను. ఆటో మలుపు తిరుగుతుంటే కనబడింది. కొంగు నడుముకు దోపుకుని, బస్సుల మధ్య నుంచి మళ్లీ దవాఖానా గేటు వైపే పోతోంది.