బిగించిన పిస్టన్

మా ఊర్లో నన్ను మొండిది అంటారు. అననీ. మొండివాడు రాజు కన్నా బలవంతుడని సామెత ఉంది. మొండిదాని గురించి సామెత కట్టడానికి ఎవరికీ ధైర్యం చాలినట్టు లేదు.

డెబ్బైల చివర్లో ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో ఆదోనికి పోయి డిగ్రీ చదువుతుండేదాన్ని. బస్సు దిగి, పత్తి మిల్లుల ముందర దుమ్ములో నడిచి పోవాల. మాది మగ్గం ఇల్లు, నాయన చీరలు నేసేవాడు. ఫిజిక్సు తీసుకున్న ఆడపిల్లను క్లాసు మొత్తానికి నేనొక్కదాన్నే. "చదివిస్తా. కానీ కాలేజీ నుంచి నీ మీద మాట వచ్చిందంటే ఆ పొద్దే చదువు బంద్" అని నాయన ముందే చెప్పి పెట్టినాడు.

ఆ మాట వాయువుల పాఠంలో వచ్చింది. లెక్చరరు పీడనం నిలువుగా, ఘనపరిమాణం అడ్డంగా పెట్టి బోర్డు మీద గీతలు గీసినాడు. గీత కింద ఎంత చోటుంటే వాయువు అంత పని చేసినట్టు అన్నాడు. బాగా చెప్పేవాడు, అది దాచను. సిలిండరులోని వాయువు పీడనం మారకుండా పిస్టన్‌ను తోస్తే సమపీడన ప్రక్రియ, గీత కింద దీర్ఘచతురస్రం. ఉష్ణోగ్రత మారకుండా నిదానంగా తోస్తే సమోష్ణోగ్రతా ప్రక్రియ, తీసుకున్న వేడంతా పనిగా ఇచ్చేస్తాది. బయటి వేడి తగలనీయకుండా తోయిస్తే స్థిరోష్ణక ప్రక్రియ. అందులో పాపం, వాయువు తన లోపలి శక్తినే ఖర్చు పెట్టి చల్లబడిపోతాది.

నాలుగోదానికి నిట్టనిలువుగా ఒక గీత గీసినాడు. పిస్టన్‌ను బోల్టు వేసి బిగిస్తే ఘనపరిమాణం మారదు, ఎంత వేడి ఇచ్చినా పని సున్నా. అంతటితో ఆపి ఉంటే నేను రాసుకొని ఇంటికి పోయేదాన్ని. ఆపలేదు. నా బెంచీ దిక్కు చూసి, "ఆడపిల్లకు చదువు చెప్పడం కూడా ఇంతే. ఎన్నేళ్ళు వేడి పెట్టినా బయటికి వచ్చేదేమీ లేదు, కదలకుండా ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు. మొగపిల్లలు బల్లలు చరిచి నవ్వినారు.

నాకు ఒళ్ళు మండింది. లేచి నిలబడినాను.

"ఆ వేడంతా యాడికి పోయింది సార్?"

"లోపలే ఉంటుంది, అంతర్గత శక్తిగా. ఉష్ణోగ్రత, పీడనం పెరుగుతాయి."

"అయితే వాయువుకు చాతగాక కాదు కద సార్. బోల్టు బిగించింది ఎవరు? బిగించినోళ్ళే ఇది కదల్లేదని నవ్వితే ఎట్ల?"

క్లాసులో నవ్వు ఆగిపోయింది. ఆయన చాక్‌పీసు బల్ల మీద విసిరికొట్టి, క్షమాపణ చెప్పేదాకా ల్యాబులో అడుగు పెట్టొద్దు, మీ నాయనను పిలుచుకొని రా అన్నాడు. ల్యాబు లేకుంటే ప్రాక్టికల్ పరీక్ష లేదు, అది లేకుంటే నాకు డిగ్రీ లేదు.

మగ్గం గుంతలో కాళ్ళాడిస్తూనే నాయన అంతా విన్నాడు. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతాది. ఒక్క మాట చెప్పేస్తే నీ సొమ్మేం పోతాది?"

"చెప్పను."

"చెప్పకుంటే మానుకో. అయినా ఆయప్ప అన్నదాంట్లో అబద్ధమేముంది? రేపు మీ అమ్మ మాదిరి ఇంట్లో ఊరికే ఉండేదానివే కదా."

అమ్మ అప్పుడు రాట్నం ముందర కూర్చొని పుల్లలకు నూలు చుట్టి కండెలు చేస్తాంది. మా ఇండ్లల్లో తీరే అంత. చీర నేసింది మొగోడంటారు. నూలు తడిపి, ఆరబెట్టి, ఆయన మగ్గంలో అటూ ఇటూ విసిరే నాడెలో పెట్టుకునే కండెలన్నీ చుట్టిచ్చే ఆడది మాత్రం ఇంట్లో ఊరికే ఉంటాది. అమ్మ ఏం చేస్తాదని ఎవరొచ్చి అడిగినా నాయన ఆ మాటే చెప్పేవాడు, అమ్మ తలూపేది. ఆ పొద్దు ఊపలేదు. రాట్నాన్ని పక్కకు తోసి, "సరేలే. రేపు నిజంగానే ఊరికే ఉంటా" అంది.

మరుసటి పొద్దు నేను కాలేజీకి పోలేదు. చుట్టి పెట్టిన కండెలు పొద్దు నెత్తికెక్కక ముందే అయిపోయినాయి. నాయన తానే రాట్నం తిప్పబోయినాడు. నూలు చిక్కుపడింది, తెగింది. చుట్టిన ఒక్క కండె ఒకపక్క లావు, ఒకపక్క సన్నం. అమ్మ అరుగు మీద కూర్చొని వక్కాకు నములుతాంది. పక్కింటామె "ఏంది, ఈ పొద్దు ఖాళీగా ఉండావు" అంటే, "నేనెప్పుడూ ఖాళీనే కదక్కా" అంది. నాకు నవ్వు ఆపుకోవడం కష్టమైపోయింది. మధ్యాన్నానికి మగ్గం నిలబడిపోయింది. సాయంత్రం నాయన, "రేపు బస్సుకు నేనూ వస్తా" అన్నాడు. నాతో క్షమాపణ చెప్పించడానికో, నా పేరు కొట్టేయించడానికో నాకు తెలియలేదు.

మరునాడు లెక్చరరు ల్యాబు వాకిట్లోనే ఎదురైనాడు. "క్షమించమని ఒక్క మాట చెప్పమనండి, అయిపోతుంది" అన్నాడు.

నాయన నా దిక్కు తిరిగినాడు. "చెప్తావా?"

"చదువు పోతే పోనీ నాయనా, చెప్పను."

నాయన లెక్చరరు దిక్కు తిరిగి, "చెప్పదంట సార్" అన్నాడు. భుజం మీది టవలు తీసి వాకిలికి అడ్డంగా పరిచి, దాని మీద కూర్చున్నాడు. నన్నూ పక్కన కూర్చోమన్నాడు. ల్యాబుకు వచ్చిన మొగపిల్లలు మమ్మల్ని దాటలేక వరండాలో గుమిగూడినారు.

"ఇదేం పద్ధతి పెద్దాయనా, లెయ్యి."

"బిడ్డ లోపలికి పోతే లేస్తా సార్. పోకుంటే ఇద్దరం ఈడనే ఉంటాం. ఇంటి కాడ నాకు పనేమీ లేదు, మా ఇంటిది కండెలు చుట్టక మగ్గం నిలిచిపోయింది."

లెక్చరరు ఆ గుంపును చూసినాడు, మా నాయనను చూసినాడు. చివరికి నన్ను చూడకుండానే "పో లోపలికి" అన్నాడు. క్షమాపణ మాట ఎత్తలేదు.

నేను లేచినాను. నా వెనకనే మొగపిల్లలు తోసుకొచ్చినారు. నాయన చెయ్యి అడ్డం పెట్టి వాళ్ళను ఆపినాడు. కాళ్ళు ముడుచుకొని ముందు నాకు దోవ ఇచ్చినాడు.