టైపు సారు వెంట జమ్మికుంట దాకా

మొన్న పొద్దున కరీంనగర్ నుంచి ఫోన్ వచ్చింది. టైపు సారు కూతురు. "అక్కా, బాపు పోయిండు" అంది. ఏడుస్తూనే, "పొద్దటి బ్యాచి పిల్లలు వచ్చి కూసున్నరక్కా. పొమ్మనాల్నా, ఉండుమనాల్నా?" అని అడిగింది. టైపు మిషన్ల మీది గుడ్డలు తీసి మడతపెట్టి, కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయారట.

మీలో చాలామందికి ఆయన తెలియరు. కరీంనగర్ టవర్ వెనక సందులో, ఇరుకు మెట్లెక్కి పోతే ఒక పొడుగాటి గది, దాని నిండా టైపు మిషన్లు. మేం టకటకా కొడుతుంటే ఆయన పక్క గదిలో పేపరు చదువుకుంటూ, "కిటికి కాడి మిషను, తప్పు కొట్టినవ్!" అని కేకేసేవారు. చూడకుండా ఎట్లా తెలిసింది సారూ అంటే, "తప్పు కొట్టే వేలు జర జంకుతది. గా జంకు ఇనవడ్తది" అనేవారు. ఎవరి దగ్గరైనా రబ్బరు కనబడిందా, ఇక ఆ పూట పండగే. తప్పు పడితే కాగితం తీసేసి మొదటినుంచి కొట్టాల్సిందే. ఇంటర్ చదివేటప్పుడు టైపు నేర్చుకోవడానికి పోయి, ఆయన్ని నేను మనసులో తిట్టని తిట్టు లేదు.

నేను బెల్లంపల్లి పిల్లని. మా బాపు బొగ్గుబాయిలో పనిచేసి, దమ్ము పట్టి, ఉద్యోగం వదిలేశాడు. అప్పుడు చేతికొచ్చిన పైసల్లోంచే నాకు కంప్యూటర్ కోర్సు చేయించాడు. కోర్సు అయింది, సర్టిఫికెట్ వచ్చింది, ఉద్యోగం మాత్రం రాలేదు. ఎక్కడికి పోయినా ఒకటే ప్రశ్న: అనుభవం ఉందా? ఉద్యోగమే ఇవ్వకపోతే అనుభవం ఏమన్నా చెట్టుకు కాస్తుందా! ఆఖరికి బాపు కరీంనగర్‌లో నేనుండే కిరాయి రూముకొచ్చి, నా మొహం చూడకుండా చెప్పాడు: "బిడ్డా, వచ్చే నెల కిరాయికి నాతాన లేవు. గీ నెలల నౌకరి దొరికితే దొరికె. లేకుంటే సామాన్ గట్టుకొని ఇంటికొచ్చెయ్." అప్పట్లో మా ఊళ్ళో నేను ముట్టుకోగలిగిన కంప్యూటర్ ఒక్కటి కూడా లేదు. ఇంటికి పోవడమంటే నేర్చిందంతా గంగలో కలపడమే.

పోయొస్తానని చెప్పడానికి సారు దగ్గరికి వెళ్ళాను. టైపుకు గిరాకీ తగ్గుతోందని ఆయన ఎవరి దగ్గరో పాత కంప్యూటర్ కొని మూలన పెట్టుకున్నారు. దాన్ని యంత్రం అనేవారు. చెప్పులు విప్పి గానీ దగ్గరికి పోనిచ్చేవారు కాదు, తను మాత్రం ఏనాడూ ముట్టుకోలేదు. నా కథంతా విని, అయ్యో పాపం అనలేదు. "పొద్దటి బ్యాచికి నువ్వు టైపు నేర్పు. పగలంత యంత్రం నీది" అన్నారు. అంతే. తమ ఇంట్లో నలుగురితో పాటు తినుమని వాళ్ళావిడ చేత అనిపించారు. దానం తీసుకున్నట్టు నాకు ఒక్క పూట కూడా అనిపించలేదు. ఇవ్వడం తెలిసిన మనిషి అంటే నాకు ఇప్పటికీ ఆయనే.

తెర మీద తప్పు అక్షరం వెనక్కి నొక్కితే మాయమవడం చూసి మాత్రం ఆయనకు మతిపోయింది. "ఓరి నీ! గిట్లయితే పోరగాండ్లు ఖరాబైతరు. జేసిన తప్పు కండ్లకు కనవడాలె గద!" అని ఆ రోజంతా సణిగారు.

జమ్మికుంటలో పత్తి సేటు ఒకాయన, మార్కెట్‌లో రైతుల పంట కమీషను మీద అమ్మిపెట్టే ఆడ్తి దుకాణం, జిన్నింగు మిల్లు ఉన్నవాడు, కంప్యూటర్ కొని బొట్టుపెట్టి కూర్చోబెట్టాడని తెలిసింది. రైతుకిచ్చే తక్‌పట్టీ, అంటే పత్తి బస్తాల, మా మాటలో బోరాల, తూకం రాసిచ్చే చీటీ, అందులోంచి రావాలని అతని కోరిక. సేటు దగ్గరి గుమాస్తా మా సారు శిష్యుడే. ఒక్క మాట చెప్పండి సారూ అని బతిమాలాను. "నేను జెప్ప. సిఫార్సు నౌకరి కిరాయి ఇల్లసొంటిది, ఎప్పుడు ఖాలీ జెయ్యుమంటరో తెల్వది" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. నెలాఖరు నెత్తి మీదుంటే ఈయన నీతులేంది! సేటును కలిసి, చీటీ నమూనా తెచ్చుకుని, ఆ కోపంలోనే ప్రోగ్రాం రాశాను. చూపించాల్సిన రోజు బస్టాండుకు పోతే, ఇస్త్రీ చొక్కా వేసుకుని సారు ముందే వచ్చి నిలబడ్డారు. "నేను లోపలికి రాను. ఊకెనే వస్తున్న" అన్నారు.

పత్తి సీజను. మార్కెట్ యార్డు నిండా బోరాలు. సేటు దుకాణంలో ఒక ముసలి రైతు తన పత్తి తూకం వేయించుకుని చీటీ కోసం కూర్చున్నాడు. నేను తూకాలన్నీ కొట్టాను. ప్రింటరు కిర్రుకిర్రుమంది. గుమాస్తా కాగితం చించి బోరాల వరుస నంబర్లు పైకి చదివాడు: "సున్నా… ఒకటి… రెండు…" చివరికి తొమ్మిది దగ్గర ఆగాడు.

రైతు లేచి నిలబడ్డాడు. "సున్నా ఏంది? నా మొదటి బోరెం లెక్కల్నే లేదా? పది దెస్తె తొమ్మిదెట్లయినయ్?"

కంప్యూటర్ లెక్క సున్నాతో మొదలవుతుందని మాకు నేర్పారు. నేను అదే అలవాటుగా రాసి పడేశాను. తూకాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, కానీ ఆ సంగతి ఎవరిక్కావాలి!

సేటు మొహం మాడిపోయింది. "పొద్దుగాల బోణి బేరంల సున్నా అంటవా బిడ్డా? బంద్ జెయ్ గా మిషిను" అన్నాడు.

తల తీసేసినట్టయింది. బయటికొచ్చాను. గోడ పక్కన సారు ఉన్నారు. అయిపోయింది సారూ, ఇంటికి పోతానన్నాను.

"యంత్రం పాడైందా, నీ చెయ్యి పాడైందా?"

"నా చెయ్యే సారూ."

"మరింకేం ఫికర్? యంత్రమైతె మెకానిక్ గావాలె. చెయ్యి నీదేనాయె. పో, తప్పు నాదే అని జెప్పి మల్ల కూసో. నేను చాయ తాగుత" అని హోటల్ వైపు మళ్ళారు.

అక్కడే కాంటా మీద హమాలీలు బోరాలు ఎత్తుతున్నారు. "లాభం… రెండు… మూడు…" మా దిక్కు పంట కొలిచేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. పుట్టినప్పటినుంచి వింటున్న మాట. దాన్ని చదువు ఎట్లా మింగేసిందో నాకే తెలియదు!

లోపలికి పోయి, "తప్పు నాదే సేటూ, జరసేపు ఇయ్యిండ్రి" అన్నాను. సేటు గోడ గడియారం దిక్కు చూశాడు. కూర్చుని మార్చాను. ఇంగ్లిషు అక్షరాలతోనే ఆ మాట వచ్చేట్టు రాశాను. గుమాస్తా మళ్ళీ చదివాడు: "లాభం… రెండు… మూడు…" పది దాకా.

ముసలాయన కాగితం అందుకుని కళ్ళకద్దుకున్నాడు. "ఇగ గిది మన లెక్క" అన్నాడు. సేటు నవ్వాపుకోలేకపోయాడు. "సోమారం కెల్లి రా బిడ్డా. జీతం ముచ్చట గుమాస్తాతోని మాట్లాడుకో" అన్నాడు.

నేను పరుగున బయటికొచ్చాను. చాయ తాగుతానన్న మనిషి గ్లాసు పట్టుకుని దుకాణం గడప వైపే చూస్తూ ఎండలో నిలబడి ఉన్నారు. చాయ మీద మీగడ కట్టింది, మీగడ మీద పత్తి పింజ వాలింది. "దొర్కింది సారూ!" అన్నాను. ఆయన ఆ చల్లారిన చాయను పింజతో సహా గటగటా తాగేసి, మూతి తుడుచుకుని, "నడువ్, బెల్లంపల్లి రైలు పోతది. మీ బాపుకు జెప్పాలె" అన్నారు. నేను ఊఁ అనేలోపే బోరాల మధ్య నుంచి స్టేషను దిక్కు, నౌకరి దొరికింది తనకే అన్నట్టు, ఇస్త్రీ చొక్కా నిండా పత్తి అంటుకుని, నాకు అందకుండా ముందుకు పోతూనే ఉన్నారు.